నాలుగు మూలలా రాళ్ళు

ఏప్రిల్ 22, మంగళవారం

అక్క పోతే నాకు కన్నీళ్ళు రాలేదట. కనక పిన్ని కాపలా కాసి మరీ చూసిందట.

"పదకొండు రోజులు సూసాను, ఒక్క సుక్క రాల్నేదు. సదువుకున్న గుంటలకి గుండె బండైపోద్దేటో!" అని నీళ్ళ ట్యాంకు దగ్గర అందరికీ వినపడేలా అంది. బిందె పట్టుకుని నేను ఆవిడ వెనకే ఉన్నాను. వెనక్కి తిరిగి నన్ను చూసి కూడా మాట మార్చలేదు. పిన్నిలో నాకు నచ్చేది అదొక్కటే, చాటున అనదు.

అమ్మది ఇంకో రకం. లాప్‌టాప్ తెరిస్తే చాలు, గుమ్మంలో నిలబడుతుంది.

"సినీమాలు సూత్తన్నావేటే?"

"కాదమ్మా, పని."

"మనిసి పోయిన ఇంట్లో పనేటే?"

తెర మీద గ్రాఫు ఉంది. పైనుంచి కిందికి జారుతున్న గీత. అమ్మ కాసేపు దాన్నే చూసింది.

"అదేటి, అలాగ దిగిపోతంది?"

"బలం. తగ్గుతోంది."

"ఎవులిది?"

"ప్లాస్టిక్‌ది."

అమ్మ ఇంకేం అడక్కుండా వెళ్ళిపోయింది. సాయంత్రం అయ్యతో అంటుంటే విన్నాను, దీనికి అక్క మీద కంటే ఆ పెట్టె మీదే పేనం అని. యర్రయ్యగారు, అంటే మా అయ్య, చుట్ట వెలిగించుకున్నాడు.

నేను బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను. నిద్ర పడుతోంది. ఏడిస్తేనే బాధపడినట్టా? ఈ ఇంట్లో ఇరవయ్యారేళ్ళుగా ఉన్నాను, నన్ను ఇంత తప్పుగా ఎలా చదువుతారు?

ఏప్రిల్ 23

ల్యాబ్‌లో తీసిన వీడియో మళ్ళీ చూడాల్సిన పని లేదు. ఆ రోజు నాతో పని చేసే ఉదయ్ కూడా అక్కడే ఉన్నాడు.

ఏప్రిల్ 24, గురువారం

టైడా స్టేషన్‌కి దిగాను. వెళ్ళడానికి గంట, ఎక్కి రావడానికి గంటన్నర. ఇప్పుడు సిగ్నల్ కావాలంటే అంత దూరం పోవాల్సిందే. ఊరికి పైన ఉన్న బండ మీదికి ఎవరూ వెళ్ళడం లేదు. పిడుగు పడ్డ చోట దిసారి, అంటే మా పూజారి, వచ్చి పూజ చేసేదాకా అక్కడి పుల్ల కూడా కదపకూడదు. ఆయన పెదబయలు వైపు వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. ఊరందరికీ పసుపు ఆరబోసుకునే కళ్ళం ఆ బండే, ఫోను మాట్లాడుకునే చోటూ ఆ బండే. రెండు వారాలుగా రెండూ ఆగిపోయాయి. మా పసుపు ఇంకా అక్కడే, ప్లాస్టిక్ బరకం కిందే ఉంది.

స్టేషన్ బెంచీ మీద కూర్చోగానే మెయిళ్ళు వచ్చిపడ్డాయి. మా గైడు దేవీప్రసాద్ సార్ రాశారు. పత్రిక వాళ్ళు మా పేపరు తీసుకుంటామన్నారట. వాళ్ళు అడిగిన కొత్త కొలతలు చేర్చి మే అయిదులోగా తుది ప్రతి పంపాలి. అది అచ్చయితే సెప్టెంబరులో నా థీసిస్ ఇవ్వొచ్చు. అచ్చవకపోతే ఇంకో ఏడాదిన్నర, అదీ యూనివర్సిటీ గడువు పొడిగిస్తే.

కొత్త కొలతలు ఉన్నాయి. ఏప్రిల్ పదకొండున తీశాం. శుక్రవారం.

తిరిగొచ్చేసరికి పిన్ని మా అరుగు మీదే ఉంది. "గుంట టేషనుకి దిగతంది సూసావా సోములమ్మక్కా, ఎవుడో ఉన్నాడు" అంటోంది. అమ్మ నా కాళ్ళ దుమ్ము వైపు చూసింది.

అవును, ఉన్నాడు. పత్రిక ఎడిటరు.

ఏప్రిల్ 25, శుక్రవారం

రెండు వారాలు.

అమ్మ సంతకి వెళ్ళలేదు. ఆ శుక్రవారం వెళ్ళింది, అయ్యతో కలిసి, అరకుకి. అక్క ఒక్కతే ఇంట్లో ఉంది. మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఉడికించిన పసుపు బండ మీద ఆరుతోంది. తడిస్తే కొమ్ము నల్లబడుతుంది కదా, బరకం కప్పడానికి అక్క పైకెక్కింది. కప్పుతుండగా పిడుగు పడింది.

ఊళ్ళో అందరూ ఇలాగే చెప్తారు. నేనూ ఇలాగే చెప్తున్నాను. ఆ క్రమంలో చెప్తే ఎక్కడా అడ్డు తగలదు.

పిడుగు పడి పోయినవాళ్ళని మా ఊళ్ళో కాల్చరు. నిప్పుతో పోయినదానికి మళ్ళీ నిప్పు పెట్టకూడదని పూడుస్తారు. నేను విశాఖపట్నం నుంచి వచ్చేసరికి మట్టి తడిగా ఉంది. మొహం చూపించలేదు. చూడకపోవడమే మంచిది అన్నారు. నేను పట్టుబట్టలేదు.

ఏప్రిల్ 26, శనివారం

పొద్దున్నుంచీ పేపర్లో మూడో పేరా దిద్దుతున్నాను. అది ఇంగ్లీషులో ఎంత రాసినా అతుకుల్లా ఉంటోంది. ఇక్కడ నా మాటల్లో రాసి చూస్తాను.

అడ్డాకుల కోసం అడవికి వెళ్ళినప్పుడు అక్క నేర్పింది. విస్తర్లు కుట్టడానికి ఆకులు, కట్టడానికి తీగ. పొద లోపలికి చెయ్యి పెట్టి తీగని లాగాలి. కొమ్మ లేని తీగయితే సర్రున జారి వచ్చేస్తుంది. పక్క కొమ్మలున్న తీగ రాదు. ఎంత గట్టిగా గుంజితే అంత బిగుస్తుంది. నేను గుంజి గుంజి వెనక్కి పడ్డాను. అక్క నవ్వి, "దాన్ని గుంజకే పిచ్చి మొగమా, కొసల్నుంచి ఒగ్గించుకుంటూ రా. మొదట కొసలు, తరవాత కొమ్మలు, ఆకర్న నడుము" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అక్కకి పదమూడు. ఆ ఏడాదే అక్క ఆశ్రమ పాఠశాల మానేసింది.

నా మూడేళ్ళ పని అంతా ఆ మాటే. కరిగిన పాలిథీన్‌లో పొడుగాటి అణువులు ఒకదాన్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. రెండు ఉక్కు బిళ్ళల మధ్య ఆ ముద్దని పెట్టి, పై బిళ్ళని ఒక్కసారి మెలితిప్పి, అలాగే పట్టుకుంటాం. తర్వాత ఏమీ చెయ్యం. మెలిక పడ్డ ముద్ద ఎంతసేపటికి సర్దుకుంటుందో, బిళ్ళ మీద బలం ఎలా తగ్గుతుందో కొలుస్తాం. కొమ్మల్లేని అణువులు తొందరగా వెనక్కి జారి మామూలైపోతాయి. కొమ్మలున్నవి అలా జారలేవు. కొసలు ముందు వదులవ్వాలి, నడుము ఆఖరున. మరీ ఎక్కువ మెలితిప్పితే మాత్రం కొమ్మలే లోపలికి ముడుచుకుపోతాయని నా మోడల్. ఎంత లాగితే ముడుచుకుంటాయన్నది ఒక అంకె.

చిన్న మెలికలకి నా లెక్క కొలతతో అచ్చంగా కలిసింది. పదకొండో తారీకున తీసిన అతి పెద్ద మెలికకి కలవలేదు. బలం నేననుకున్నదానికంటే చాలా తొందరగా పడిపోయింది. ఆ అంకెని తగ్గించాను. కలిసింది.

తగ్గించడానికి కారణం ఒక పేరాలో రాయాలి. అదే ఈ మూడో పేరా.

ఏప్రిల్ 27

నేను బాగానే ఉన్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

దిసారి వచ్చాడు. బండ మీద బియ్యంతో ముగ్గు లాంటిది గీసి, కోడిని కోసి, నాకర్థం కాని మాటలు చాలాసేపు చదివాడు. తర్వాత నీళ్ళు చల్లి, "ఇంక ఎక్కండి, మీ పసుపు మీరు తీసుకోండి" అన్నాడు. అంతే. పదిహేడు రోజుల తర్వాత ఊరికి సిగ్నల్ వచ్చింది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎక్కారు. ఎవరి ఫోన్లు వాళ్ళవి టింగు టింగుమన్నాయి.

అమ్మ, నేను పసుపు దగ్గరికి వెళ్ళాం. నీలం బరకం, ఎండకి మధ్యలో కొంచెం వెలిసింది. అమ్మ దాని ముందు కూర్చుండిపోయింది. చేత్తో తడిమింది. నేను అంచు లేపబోతే రాలేదు.

"రాయి తియ్యి" అంది అమ్మ.

మూల మీద రాయి ఉంది. ఒక మనిషి రెండు చేతులతో మోయాల్సినంత రాయి. తీశాను. రెండో మూలా అంతే. మూడో మూలకి రాయితో పాటు, బరకం కన్నంలోంచి తాడు దూర్చి బండ పగుల్లోని మోడుకి కట్టి ఉంది. అక్క ముడి. రెండు చుట్లు తిప్పి కొసని లోపలికి దోపుతుంది. నాలుగో మూల కూడా.

బరకం కింద కొమ్ములు పొడిగా, పచ్చగా, గలగలమంటూ ఉన్నాయి.

"సూసావా?" అంది అమ్మ. పదిహేడు రోజుల్లో మొదటిసారి ఆ గొంతులో కొంచెం గర్వం విన్నాను. "ఒక్క కొమ్ము తడవనేదు. నా రత్నాలు ఏ పని సేసినా అదే. నాలుగు మూలలా రాళ్ళెట్టి, తాడేసి మరీ ఎల్లిపోనాది."

నేను రాళ్ళు మోసి పక్కన పెట్టాను.

ఏప్రిల్ 29

నాలుగు మూలలా రాళ్ళు.

ఏప్రిల్ 30, బుధవారం

కప్పుతుండగా పడలేదు. కప్పడం అయిపోయింది.

అయిపోయాక కూడా దిగిరాకపోవడానికి కారణాలు ఉండొచ్చు. అలిసిపోయి కూర్చుని ఉండొచ్చు. రాళ్ళు బరువు కదా. పక్కవాళ్ళ పసుపు కూడా కప్పుదామని చూసి ఉండొచ్చు. కానీ ఆ రోజు బండ మీద మాది తప్ప ఇంకెవరిదీ లేదని అమ్మే అంది. గాలి బాగుందని నిలబడి ఉండొచ్చు. అక్కకి వాన గాలి ఇష్టం.

పిడుగు పడ్డప్పుడు పిన్ని అంగన్‌వాడీకి తాళం వేస్తోందట. తాళం పడేది మూడున్నరకి.

నా ఫోన్లో అక్క పేరు పక్కన మూడు పన్నెండు. మూడు పద్నాలుగు.

ఫోను చెయ్యాలంటే అక్కకి బండ తప్ప వేరే చోటు లేదు. తిరిగి చేస్తారేమో అని కూర్చోడానికీ వేరే చోటు లేదు.

పదహారు నిమిషాలు.

మే 1, గురువారం

సార్‌కి ఫోను చెయ్యడానికి బండెక్కాను. మోడుకి అక్క తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

"సత్యకుమారీ, ఎలా ఉన్నావమ్మా?" అన్నారు.

"బాగానే ఉన్నాను సార్."

"నీ కష్టం నాకు తెలుసు. కానీ గడువు సోమవారం. ఆ మూడో పేరా ఒక్కటేగా మిగిలింది? నువ్వు పంపెయ్, మిగతాది ఉదయ్ చూసుకుంటాడు."

"సార్, ఆ పెద్ద మెలిక కొలత మీద నాకు అనుమానంగా ఉంది."

"ఏమనుమానం?"

"బిళ్ళ దగ్గర పట్టు జారిందేమోనని."

"మార్కరు గీత పెట్టారు కదా?"

"పెట్టాం సార్."

"గీత చూశావు కదా?"

"చూశాను సార్."

"మరింకేం? రేపు పంపించెయ్."

చూశాను సార్. ఎంత తేలిగ్గా వచ్చేసింది! ఆ రోజు ఉదయ్‌తోనూ అంతే తేలిగ్గా వచ్చింది.

మే 2, శుక్రవారం

చూశాను. ఈసారి నిజంగా.

అదే బండ మీద, మధ్యాహ్నం, ఫోను మీద తువ్వాలు కప్పుకుని. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఓవెన్ అద్దంలోంచి రెండు బిళ్ళలు, మధ్యలో కరిగిన ముద్ద, దాని అంచు మీద పైనుంచి కిందికి నల్ల మార్కరు గీత. పై బిళ్ళ తిరిగినప్పుడు గీత ఏటవాలుగా సాగాలి. సాగినా రెండు బిళ్ళలనీ అంటిపెట్టుకునే ఉండాలి. బిళ్ళ దగ్గర గీత తెగిందంటే, ముద్ద పట్టు వదిలేసిందని. అప్పుడు యంత్రం చూపించే బలం పడిపోతుంది. చూసేవాళ్ళకి ముద్ద సర్దుకున్నట్టే ఉంటుంది. సర్దుకోవడం కాదు అది. పట్టుకోవడం మానేయడం.

ఉదయ్ గొంతు: "తిప్పుతున్నా." బిళ్ళ తిరిగింది. గీత వాలింది. ఫోను గుర్రుమంది. తెర కొంచెం కదిలింది, నా బొటనవేలు. నేను కట్ చేశాను. మళ్ళీ కుదురుగా ఉంది. గీత కలిసే ఉంది. రెండు నిమిషాలు ఏమీ లేదు. ఉదయ్ రెండోసారి తిప్పాడు, పెద్ద మెలిక. గీత వాలింది, వాలింది, పై బిళ్ళ దగ్గర చిన్న మెట్టులా విడిపోయింది. అంత స్పష్టంగా. కళ్ళున్నవాళ్ళెవరికైనా కనపడుతుంది. సరిగ్గా అప్పుడే మళ్ళీ గుర్రు. మళ్ళీ నా బొటనవేలు.

ఉదయ్: "నేను బలం చూస్తున్నా, గీత నువ్వు చూడు. బాగుందా?"

నేను: "బాగుంది."

నేను అప్పుడు గీతని చూడటం లేదు. అక్క పేరుని చూస్తున్నాను. రత్నాలక్క, ఎర్ర చుక్క, పచ్చ చుక్క. ఎర్ర చుక్క నొక్కి బాగుంది అన్నాను.

పని అయ్యాక చేద్దామనుకున్నాను. ఓవెన్ చల్లారాక బిళ్ళలు తుడవాలి, అది అయ్యాక. టీ తాగాక. నాలుగున్నరకి చేస్తే స్విచ్ ఆఫ్ అంది. చార్జింగ్ అయిపోయిందనుకున్నాను.

మూడేళ్ళ మోడల్‌లో నేను తగ్గించిన ఆ అంకె ఒక అబద్ధం. కొమ్మలు ముడుచుకోలేదు. అవి పట్టుకునే ఉన్నాయి. అక్క చెప్పినట్టే, గుంజేకొద్దీ బిగుసుకున్నాయి. జారింది పైన పట్టుకున్న బిళ్ళ.

పదకొండు రోజులు ఏడవలేదని పిన్ని అంది. నేను బాగానే ఉన్నానని ఇందులో మూడుసార్లు రాసుకున్నాను. పేజీలు తిప్పి చూశాను. ప్రతిసారీ చేతిరాత ఒకేలా ఉంది, గుండ్రంగా, పరీక్ష పేపర్లోలా.

మే 3, శనివారం

అమ్మకి చెప్పాను.

వాకిట్లో కూర్చుని పసుపు ఏరుతోంది. కొమ్ములొక చేటలోకి, దుంపలొక చేటలోకి. నేనూ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఒక చేట నిండేదాకా నోరు రాలేదు.

"అమ్మా, ఆ రోజు అక్క నాకు ఫోను చేసింది."

"ఏ రోజు?"

"ఆ రోజే. పిడుగుకి ముందు. రెండుసార్లు. నేను ఎత్తలేదు. కట్ చేసేశాను."

అమ్మ చెయ్యి ఆగలేదు. కొమ్ము, దుంప, కొమ్ము.

"పని మీద ఉన్నాను. ఫోనుతో వీడియో తీస్తున్నాను. బరకం కప్పడం అయ్యాక కూడా అక్క బండ దిగలేదమ్మా. నేను మళ్ళీ చేస్తానని కూర్చుంది."

"కూకుందని నీకెవులు సెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఒక దుంప కొమ్ముల చేటలో పడింది. అమ్మ తీసి సరైన చేటలో వేసింది.

"ఏటి సెప్పడానికి సేసిందో?"

"తెలీదమ్మా."

"వోనొత్తందని సెప్పడానికా? నీను సంత నుంచి ఏటి తెత్తానో అడగడానికా?"

"తెలీదు."

"దానికేటైనా కష్టమేటో. నాకు సెప్పనిది నీకు సెప్పీది."

"తెలీదమ్మా. ఎప్పటికీ తెలీదు."

అమ్మ అప్పుడు చేట కింద పెట్టింది. పసుపు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"నా గుంట పసుపు కోసం పోయిందనుకున్నాను" అంది. "ఇంటి పని సేత్తా పోయిందని. అదొక్కటీ పట్టుకుని ఉన్నాను. అదీ లాగీసినావు."

నేను క్షమించమని అనలేదు. ఆ మాట అంటే అమ్మ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ బరువు కూడా అమ్మ మీద పెట్టడం దేనికి?

"పోనీ సెప్పకుండా ఉండాల్సింది గదే సత్తెం" అంది లేస్తూ. చాలా మామూలుగా అంది, కూరలో ఉప్పెక్కువైందన్నట్టు.

మధ్యాహ్నం అన్నం అయ్య పెట్టాడు. ఆయనకి గరిటె ఎక్కడుంటుందో తెలీక వెతుక్కున్నాడు. నా కంచంలో వడ్డించి, పక్కనే కూర్చుని, "తిను" అన్నాడు. నేను తినలేకపోయాను. ఏడుపు మొదలై, చాలాసేపు ఆగలేదు. అయ్య నా వీపు మీద చెయ్యి వేసి అలాగే పట్టుకున్నాడు. ఏమీ చెయ్యలేదు, చెయ్యి తియ్యలేదు.

సాయంత్రానికల్లా పిన్నికి కబురందింది. తల్లీకూతుళ్ళకి టేషన్లో కుర్రాడి గురించి గొడవైందనీ, అందుకే ఆ గుంట అంతలా ఏడ్చిందనీ నీళ్ళ ట్యాంకు దగ్గర చెప్పిందట.

మే 4, ఆదివారం

అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. పొద్దున్న టీ గ్లాసు నా పక్కన పెట్టింది, కళ్ళెత్తకుండా.

బండెక్కి పత్రికకి మెయిల్ పంపాను. పెద్ద మెలిక కొలతలో పట్టు జారిందనీ, దాని మీద కట్టిన లెక్క తప్పనీ, పేపరు వెనక్కి తీసుకుంటున్నామనీ. వీడియో కూడా జతచేశాను, గుర్రుమనే శబ్దంతో సహా. సార్‌కీ ఉదయ్‌కీ కాపీ పెట్టాను. సార్ వెంటనే ఫోను చేశారు. ఎత్తాను. తొందరపడ్డావు, ఒక మాట నాతో అనాల్సింది, సెప్టెంబరు పోయినట్టే, గడువు పొడిగించమని నేను అడగను అన్నారు. అన్నీ విన్నాను. అన్నీ నిజమే.

అక్క తాడు ముక్క మోడు మీదే ఉంచాను.

రేపు పొద్దున్న టైడాలో రైలెక్కుతున్నాను. బిళ్ళలకి గరుకు పెట్టించి కొలతలన్నీ మొదటి నుంచి నేనే తీస్తాను. గీత నేనే చూస్తాను. శుక్రవారం సాయంత్రం తిరిగొస్తాను, ప్రతి శుక్రవారం వస్తాను, అమ్మ మాట్లాడినా మాట్లాడకపోయినా.